మూడు ఫ్లాపులు... ఒక యావరేజి!

సినిమా పత్రికలో ఈ వంటింటి గోల ఏమిటి మహానుభావా అని మీరు పేజీ తిప్పేయకముందే ఒక్క మాట! ఇది వంటల శీర్షిక కాదు. సినిమాలు చూసి, నాలుగు లైన్లు గీకి, ఆ లైన్లకొచ్చే డబ్బుతో అద్దె కట్టుకునే ఒక ఫ్రీలాన్స్ విలేకరి, తను విసిరిన మాటని తనే ఏరుకుని నమిలి మింగిన వైనం. ఆ మాట చాక్లెట్ రంగులో, చిన్న బిస్కెట్టంత ఉంటుంది. రెండు చిప్పలు, మధ్యలో మెత్తటి తీపి. పేరు మాకరాన్.

ఆ పేరు వినగానే మా అమ్మ ఫోన్లో "అది ఏ జబ్బుకి మందురా?" అంది. మా వీధి చివర కిరాణా కొట్టాయన మందు దాకా కూడా వెళ్ళలేదు. చటుక్కున లోపలికెళ్ళి మాకరోని పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు! ఆయన తప్పేం లేదు లెండి. ఈ పేరుతో ప్రపంచమంతా తికమకే. కొబ్బరికోరుతో చేసేది మాకరూన్. మన పక్క రాష్ట్రంలో తూత్తుకుడి మాకరూన్ అని ఇంకొకటుంది. జీడిపప్పు, పంచదార, గుడ్డు తెల్లసొన కలిపి గోపురంలా నిలబెట్టి కాలుస్తారు. నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. నాకు కావలసింది ఈ రెండూ కాదు, ఫ్రెంచివాళ్ళ బాదం మాకరాన్. అదీ చాక్లెట్‌ది. అదీ నా చేత్తో చేసింది. ఎందుకంటారా? అక్కడికే వస్తున్నాను.

కృష్ణానగర్‌లో ఒక రాత్రి

2011లో వాడూ నేనూ కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆ పేట సంగతి మీకు చెప్పనక్కర్లేదు. సినిమా పిచ్చితో హైదరాబాదు బస్సెక్కిన కుర్రాళ్ళలో చాలామంది మొదట సంచీ దించేది అక్కడే. వాడు అసిస్టెంట్ డైరెక్టరు. అంటే యూనిట్లో అందరికంటే ముందు నిద్రలేచి, అందరికంటే ఆఖర్న భోజనం చేసేవాడన్నమాట! నేను బి.ఏ. పట్టా చేతపట్టుకుని పత్రికాఫీసుల మెట్లు లెక్కపెడుతున్నవాణ్ణి. ఇద్దరికీ కలిపి రెండు చాపలు, ఒక బకెట్టు, వాడిదొక పాత కంప్యూటరు. టీ మాత్రం ఎప్పుడూ వన్ బై టూ.

తెరమీద తిండి కనిపిస్తే వాడికి ఒళ్ళు తెలిసేది కాదు. చిన్నప్పుడు 'మాయాబజార్' (1957) చూసి, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎలా వెళ్ళాయా అని వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదట. మనందరికీ ఎస్.వి. రంగారావుగారి నవ్వు గుర్తుంటుంది. వాడికి మాత్రం కెమెరా వెనక ఉన్న మార్కస్ బార్‌ట్లే మీదే ధ్యాస. ఎలా తీశారు? ఎందుకలా తీశారు? ఇదే వాడి జపం.

ఒక రాత్రి ఎక్కణ్ణుంచో 'మేరీ ఆంటోనెట్' డీవీడీ పట్టుకొచ్చాడు. సోఫియా కపోలా దర్శకత్వంలో 2006లో వచ్చిన చిత్రం. రాణిగా కిర్‌స్టెన్ డన్‌స్ట్. సాక్షాత్తూ వెర్సాయ్ రాజప్రాసాదంలోకే కెమెరా తీసుకెళ్ళారు. సరే, రాజుల కథ కదా, కత్తులూ గుర్రాలూ ఉంటాయనుకుని కూర్చుంటే తెర నిండా మిఠాయిలే! గులాబీ రంగు, పిస్తా రంగు, లేత పసుపు... మనిషెత్తు కేకులు, గుట్టలు గుట్టలుగా మాకరాన్లు. 1862 నాటి ప్యారిస్ మిఠాయి దుకాణం లాదురే వాళ్ళు ఆ చిత్రానికి తీపి సరుకు సమకూర్చారు. ఇంకో కబురు వినండి. దుస్తులు రూపొందించిన మిలేనా కనోనెరో చేతికి దర్శకురాలు ఒక మాకరాన్ల పెట్టె ఇచ్చి, నాకు కావలసిన రంగులు ఇవీ అని చూపించిందట! ఆ దుస్తులకే కనోనెరోకి ఆస్కార్ వచ్చింది.

మర్నాడు నేను ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చరిత్ర తిరగేశాను. రాణిగారిని గిలటిన్ ఎక్కించింది 1793లో. రెండు చిప్పల మధ్య తీపి పెట్టిన మాకరాన్ వాడుకలోకొచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. ఆ ఘనత లాదురే కుటుంబానికి చెందిన పియర్ దెఫోంతేన్‌కి కట్టబెడతారు. అంతకుముందు మాకరాన్ అంటే ఒంటి చిప్ప బాదం బిస్కెట్టే. అంటే రాణిగారు తినే అవకాశమే లేని మిఠాయి ఆవిడ బల్లమీద పెట్టారన్నమాట! నేను సంబరంతో గదికి పరిగెత్తి, "దొరికిపోయార్రా! పెద్ద తప్పు!" అన్నాను.

వాడు తల కూడా ఎత్తలేదు. "ఆవిడకి తెలీదంటావా? ఒక షాట్లో రాణిగారి చెప్పుల మధ్య ఇప్పటి కాన్వాస్ బూట్లు కూడా పెట్టింది. చూశావా? టీనేజీ పిల్ల కథ అది. మన కాలపు పిల్లలా కనిపించాలి. తప్పు కనిపెట్టడం సులువురా. ఎందుకు చేసిందో కనిపెట్టు."

ఆ తర్వాత టీ తాగుతూ ఒక ఒప్పందం కుదిరింది. "నా మొదటి సినిమా హిట్టయితే నిన్ను ప్యారిస్ తీసుకెళ్ళి ఆ మాకరాన్లు తినిపిస్తా" అన్నాడు.

"ఫ్లాపయితే?"

"అప్పుడు నువ్వే చేసి పెట్టు. ఏడుస్తూ తింటా."

ఇద్దరం నవ్వుకున్నాం.

పద్నాలుగు లైన్లు

వాడి మొదటి సినిమా రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. 2023లో విడుదలైంది. పేరు చెప్పను. మీలో చూసినవాళ్ళు తక్కువే, చూసినవాళ్ళకి గుర్తుండటం ఇంకా తక్కువ.

ఈలోగా నాకూ కాస్త పేరొచ్చింది. సమీక్ష కొంచెం ఘాటుగా రాస్తాడన్న పేరు. ఆ ఘాటుకే గిరాకీ అని కూడా తెలిసింది. ప్రివ్యూకి వెళ్ళాను. సినిమా బాగాలేదు. ఈ మాట ఇవాళ కూడా అంటున్నాను, స్నేహం కోసం అబద్ధమాడను. రెండో సగం చేతికి దొరక్కుండా జారిపోయింది. ఇంటికొచ్చి పద్నాలుగు లైన్లు రాశాను. అందులో ఒక లైను ఇది: "ఓవెన్ పక్కన పెట్టి, లోపల పెట్టడం మరిచిపోయిన కేకు ఈ చిత్రం."

చెప్పొద్దూ, రాసినప్పుడు నాకు భలే నచ్చింది! జనానికీ నచ్చింది. సాయంత్రానికల్లా ఆ లైనొక్కటీ బొమ్మగా కట్టి ఫోన్లలో పంచుకున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా మెచ్చుకున్నారు. శుక్రవారం వచ్చిన సినిమా సోమవారానికి చాలా హాళ్ళలో ఎత్తేశారు. నా లైను వల్లే ఎత్తేశారని నేననుకోను, అంత సీను నాకు లేదు. కానీ ఎత్తేసిన రోజున జనం నోట్లో ఉన్నది మాత్రం నా లైనే.

వాడు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

ఎనిమిది నెలల తర్వాత, 2024 జులైలో, పాత టీకొట్టు దగ్గర ఎదురుపడ్డాం. జుట్టు కాస్త నెరిసింది. ఇద్దరికీ చెరో టీ చెప్పాడు, వన్ బై టూ కాదు. తాగినంతసేపూ వానల గురించి మాట్లాడాడు. నా టీకి కూడా డబ్బులిచ్చేసి, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఒరేయ్, నువ్వెప్పుడైనా కేకు చేశావా?" అన్నాడు.

కోపంగా అన్నా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. జవాబు కోసం ఆగలేదు.

ఆ రాత్రి నాకు ప్యారిస్ ఒప్పందం గుర్తొచ్చింది. సినిమా ఫ్లాపయింది కదా. బాకీ నాదే!

టేక్ వన్

మా పైవాటాలో ఉండే పిన్నిగారు బడిపంతులమ్మగా రిటైరయ్యారు. ఇప్పుడు పుట్టినరోజులకి కేకులు చేసిస్తారు. ఆవిడ దగ్గర పెద్ద ఓటీజీ ఉంది. సంగతంతా చెప్పలేదు, "ఒక స్నేహితుడికి చేసివ్వాలండీ" అన్నానంతే. "మొదలే మాకరాన్‌తోనా నాయనా? నడక రాకుండా కూచిపూడా?" అని నవ్వి, ఒప్పుకున్నారు.

లెక్క వినడానికి చాలా తేలిక. తెల్లసొన 100 గ్రాములు, అంటే మూడు నాలుగు గుడ్లు. బాదం పొడి 115 గ్రాములు, ఐసింగ్ షుగర్ 190, కోకో పొడి 15, సన్న పంచదార 50. తారాగణం ఇంతే! గ్లాసులతోనూ చెంచాలతోనూ కొలిస్తే కుదరదు, త్రాసు ఉండాల్సిందే. బాదం పప్పు నానబెట్టి, పొట్టు తీసి, పూర్తిగా ఆరబెట్టి, ఐసింగ్ షుగర్‌తో కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. తర్వాత కోకోతో కలిపి రెండుసార్లు జల్లెడ పట్టాలి.

అసలు కథానాయిక తెల్లసొన. గిన్నెకి జిడ్డు ఉండకూడదు, పచ్చసొన చుక్క కూడా పడకూడదు. కొవ్వు తగిలితే నురగ నిలబడదు. బీటర్‌తో గిలక్కొడుతూ, నురగ వచ్చాక పంచదార కొంచెం కొంచెంగా వెయ్యాలి. తెల్లగా, నున్నగా, గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా అయ్యాక ఆపాలి. నేను బోర్లించి చూశాను, నా తలమీదే! పడలేదు. పిన్నిగారు చప్పట్లు కొట్టారు. ఆ క్షణంలో నేను శతదినోత్సవ హీరోనే.

ఆ తర్వాతే తెలిసింది, అది ఇంకా టైటిల్సేనని.

నురగలో పొడి వేసి గరిటెతో కలపడాన్ని ఫ్రెంచివాళ్ళు మాకరొనాజ్ అంటారు. ఈ ఒక్క పని కోసం ప్రత్యేకంగా ఒక మాట పెట్టుకున్నారంటే ఎంత ప్రాణం మీదికి తెచ్చేదో ఊహించుకోండి! తక్కువ కలిపితే ముద్దలు ముద్దలుగా ఉంటుంది. ఎక్కువ కలిపితే గాలంతా పోయి నీరుగారుతుంది. గరిటె ఎత్తితే పిండి తెగకుండా పట్టీలా జారాలి, ఆ జారుడుతో ఎనిమిది అంకె వేయగలగాలి. చాక్లెట్ దానికి ఇంకో మెలిక ఉంది. కోకోలో కూడా కొవ్వుంటుంది. అందుకని నురగ మరీ త్వరగా కుంగుతుంది. నాకివేం పట్టలేదు. చిన్నప్పుడు అమ్మకి అట్లపిండి కలిపిన అనుభవంతో చెడామడా తిప్పేశాను. కవరు మూల కత్తిరించి బటర్ పేపర్ మీద గుండ్రాలు పెడితే, అవి ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వెళ్ళి కౌగిలించుకున్నాయి. ఓవెన్ లోంచి వచ్చింది ఒకే ఒక్క పెద్ద చాక్లెట్ అప్పడం.

ఫ్లాపు నంబర్ వన్.

ఇంటర్వెల్

రెండో టేకులో కలపడం కుదిరింది. గుండ్రాలు గుండ్రాలుగానే నిలబడ్డాయి. ట్రేని బల్లకేసి రెండుసార్లు కొట్టి గాలి బుడగలు పోగొట్టాను. ఓవెన్ గాజు తలుపు ముందు, మొదటి రోజు మొదటి ఆటకి వచ్చినవాడిలా కూర్చున్నాను. ఆరో నిమిషానికి ఒక్కొక్కటే నడినెత్తిన ఫట్మని పగిలింది. ఒక్కటంటే ఒక్కటి మిగలలేదు! ఎండాకాలం చెరువు అడుగులా ఉన్నాయి.

"పోయింది పిన్నిగారూ, చెత్తగా వచ్చింది" అన్నాను.

ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని, పగులు చూడకుండా, తిరగేసి అడుగు చూశారు. "పగిలింది సరే. ఎందుకు పగిలింది?"

"బాగా రాలేదు కనక."

"అది మార్కు నాయనా, కారణం కాదు" అన్నారు. ముప్పయ్యేళ్ళు పిల్లలకి చదువు చెప్పిన గొంతు అది! లోపలికెళ్ళి ఒక లాంగ్ నోటుబుక్కు తెచ్చారు. ఆవిడ చేసిన కేకుల చిట్టా. బాగా వచ్చినవాటికి ఒక్కొక్క లైనే ఉంది. చెడిపోయినవాటికి మాత్రం పేజీలకు పేజీలు. తేదీ, ఆ రోజు ఎండా వానా, ఏం వేశారు, ఏం జరిగింది, కారణం. చివర ఎర్ర సిరాతో ఒక గీత.

నా పగుళ్ళకీ కారణం చెప్పారు. మాకరాన్లు ట్రేలో పెట్టాక అరగంట నుంచి గంట ఆరనివ్వాలి. వేలితో తాకితే అంటనంతగా పైన పలచటి పొర కట్టాలి. ఓవెన్లో లోపలి తడి ఆవిరై పైకి తన్నుతుంది. పొర గట్టిగా ఉంటే ఆ ఆవిరి పైకి పోలేక చిప్పని అడుగు నుంచి పైకెత్తుతుంది. అప్పుడే అంచు చుట్టూ గజ్జెల పట్టీలాంటి నురగ వరస వస్తుంది. ఫ్రెంచివాళ్ళు దాన్ని పాదం అంటారు. పాదం లేనిది మాకరాన్ కాదు. జులై ముసురులో గాలి నిండా చెమ్మ. పొర కట్టలేదు. ఆవిరి తనకి దొరికిన దారి తను చూసుకుంది.

"దాని తప్పేం లేదయ్యా. ఆరడానికి దానికి టైమివ్వలేదు నువ్వు" అన్నారు.

కిందికొచ్చి ఫోన్ తీశాను. నా సమీక్ష బయటికి తీసి, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి పూర్తిగా చదివాను. పిన్నిగారి ఎర్ర సిరా కలం చేతిలో ఉన్నట్టు లెక్కపెట్టాను. పద్నాలుగు లైన్లు. అయిదు జోకులు. కథ చెప్పడానికి ఆరు. ఛాయాగ్రాహకుడి పేరు లేదు. రెండో సగం జారిందని ఉంది, ఎక్కడ జారిందో లేదు, ఎందుకు జారిందో లేదు. కారణాలు సున్నా!

అంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. ఆ సినిమాలో రైల్వే ప్లాట్‌ఫారం మీద తండ్రి కూతుర్ని సాగనంపే సీనొకటుంది. కట్ లేకుండా ఒకే షాట్. ప్రివ్యూలో అది చూసి నా గొంతు పట్టేసింది. దాని ఊసే ఎత్తలేదు నేను. ఎత్తితే నా కేకు జోకు సగం చల్లారిపోయేది కదా!

సినిమా బాగాలేదని రాయడం నా తప్పు కాదు. అది నా పని. మార్కు వేసి, కారణం ఎగ్గొట్టి, ఆ ఖాళీలో నవ్వులు పండించుకున్నాను చూశారూ, అదీ నా తప్పు.

టేక్ త్రీ, టేక్ ఫోర్

మూడోసారి చెమ్మకి విరుగుడుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. పొర కట్టింది. ఓవెన్లో పాదాలు కూడా వచ్చాయి. కానీ ఒకవైపే! అన్నీ ఒంటికాలి మీద ఒరిగి, ఫైటింగ్ సీను అయ్యాక విలన్ అనుచరుల్లా ఉన్నాయి. గాలి ఒక పక్కనించే తగిలితే పొర కూడా ఆ పక్కే గట్టిపడుతుంది. పైగా అడుగులు కాగితానికి అతుక్కుపోయాయి. లోపల ఇంకా ఉడకలేదన్నమాట. ఈసారి మాత్రం నేను ఏడవలేదు. కాగితం తీసి రాసుకున్నాను: "మూడో టేకు. ముసురు. ఫ్యాన్ ఒక పక్క. అడుగు పచ్చి." పిన్నిగారు చూసి, ఏమీ అనకుండా తన ఎర్ర కలం ఇచ్చారు.

నాలుగోసారి ఆవిడ గదిలో ఏసీ వేసి, తలుపు మూసి, ముప్పావుగంట ఆరబెట్టాం. ఓవెన్లో పెట్టే చిన్న థర్మామీటరు కొనుక్కొచ్చాను. డయల్ 150 అంటుంటే లోపల నిజంగా ఉన్నది 165! తగ్గించి, సరిగ్గా 150 మీద పదహారు నిమిషాలు ఉంచాం. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోలేదు. అప్పుడు కాగితం ఒలిస్తే, పూజ పువ్వు రాలినంత సుతారంగా ఊడొచ్చాయి. నున్నటి నెత్తి, చుట్టూ గజ్జెలు! ఇరవై రెండు చిప్పలు, పదకొండు జంటలు.

మధ్యలో పెట్టే తీపిని గనాష్ అంటారు. 120 గ్రాముల డార్క్ చాక్లెట్ సన్నగా తరిగి, 80 గ్రాముల క్రీము పొంగు వచ్చేముందు దించి దానిమీద పోసి, రెండు నిమిషాలాగి కలిపితే అద్దంలా మెరుస్తుంది. ఒక్క జాగ్రత్త. కాంపౌండ్ అని అమ్మేది వేరు, అందులో కోకో వెన్న బదులు వేరే నూనె కొవ్వులుంటాయి. చేతికి తేలికే గానీ నాలిక మీద మైనంలా తగులుతుంది. అసలుదే కొన్నాను. ఆ వారం నా వ్యాసం డబ్బులు బాదం పప్పుకీ చాక్లెట్‌కీ సరిపోయాయి.

మిగిలిన ఒక చిప్ప ముక్కని పిన్నిగారు కొరికి చూశారు. "పైన హీరోలా ఉంది. లోపల డొల్ల" అన్నారు. నిజమే, పెంకుకీ గుజ్జుకీ మధ్య ఖాళీ. తెల్లసొన అవసరానికి మించి గిలక్కొట్టాను. మొదటి రోజు తలమీద బోర్లించిన గర్వం ఇంకా దిగలేదు కాబోలు!

"ఇంకోసారి చేస్తావా?"

"లేదండీ. ఇవే తీసుకెళ్తాను" అన్నాను. వాడి ముందు నిలబడటానికి మచ్చలేనిది పట్టుకెళ్తే అది నాటకమవుతుందనిపించింది.

క్లైమాక్స్

తలుపు వాడి భార్య తీసింది. ఎప్పుడూ "రండన్నయ్యా" అనే అమ్మాయి, ఆ రోజు "రండి" అని ఊరుకుంది. ఆ ఒక్కమాట తగ్గడం ఎంత బరువో ఆ గుమ్మంలో తెలిసింది. వాడు లుంగీతో, కాగితాల మధ్య కూర్చుని ఉన్నాడు. నేను స్టీలు డబ్బా బల్లమీద పెట్టి మూత తీశాను.

వాడు చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడని తెలుస్తూనే ఉంది.

"నువ్వే చేశావా?"

"నాలుగో టేకు."

వాడి కూతురికి ఆరేళ్ళు. మా మాటల కోసం ఆగలేదు. ఒకటి తీసి కొరికి, లోపల వేలు పెట్టి, "నాన్నా, దీన్లో గాలుంది!" అని కేకేసింది. వాడు పకపకా నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత విన్నాను ఆ నవ్వు.

"ఎందుకుందిరా గాలి?" అన్నాడు నావైపు తిరిగి.

చెప్పాను. తెల్లసొన ఎక్కువ గిలక్కొట్టానని చెప్పాను. మొదటిది ఎందుకు అప్పడమైందో, రెండోది ఎందుకు పగిలిందో, మూడోది ఎందుకు ఒరిగిందో కూడా చెప్పాను. వాడు మధ్యలో ఆపకుండా విన్నాడు. విని, "ఈపాటి రెండు ముక్కలు రాసుంటే చాలు కదరా" అన్నాడు.

జేబులోంచి కాగితం తీశాను. రాత్రి కూర్చుని రాసింది. వాడి సినిమా రెండో సగం ఎక్కడ జారిందో, నా మట్టుకి నాకు ఎందుకనిపించిందో. ప్లాట్‌ఫారం సీను గురించి కూడా. సారీ అన్న మాట మాత్రం రాయలేకపోయాను, నోటితోనూ అనలేకపోయాను. వాడు చదివి, రెండు చోట్ల తలూపాడు. ఒక చోట "ఇది నీకు అర్థం కాలేదు" అన్నాడు. ఇంకో చోట చాలాసేపు ఆగి, "ఇక్కడ షెడ్యూలు ఎనిమిది రోజులు తగ్గించారు. ఆరడానికి టైమివ్వలేదు" అన్నాడు. ఆ మాట మా పిన్నిగారిదని వాడికి తెలీదు! నేను చెప్పలేదు.

అంతా సర్దుకుపోయిందని చెబితే అది సినిమా ముగింపవుతుంది. భోజనం చేసి వెళ్ళమని ఎవరూ అనలేదు. లేచి డబ్బా అందుకోబోతే వాడి భార్య ఆపింది. "ఉత్త డబ్బా ఇవ్వకూడదు. తర్వాత పంపిస్తాం లెండి అన్నయ్యా" అంది.

మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలికయ్యాయి.

మర్నాడు సాయంత్రం ఫోన్లో వాడి నుంచి ఒక్క లైను వచ్చింది: "మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టాం. నిన్నటికంటే ఇవాళ బాగున్నాయిరా."

పిన్నిగారికి చూపిస్తే, "మరి నీకు చెప్పలేదూ? మాకరాన్ చేసిన రోజున తినకూడదు. ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే లోపలి తీపిలోని చెమ్మ పెంకులోకి దిగి మెత్తబడుతుంది" అన్నారు.

మీరూ చేసి చూడండి. లెక్కలన్నీ పైన ఇచ్చేశాను. పగిలితే నన్ను తిట్టకండి, తిరగేసి అడుగు చూడండి. అలాగే ఈ శుక్రవారం ఏదో ఒక సినిమాకి ఎలాగూ వెళ్తారు. ఇంటర్వెల్లోనే ఫోన్ తీసి ఒక మార్కు పడేస్తారు, అదీ తెలుసు. వెయ్యండి, తప్పులేదు! పక్కన ఒక కారణం కూడా వెయ్యండి.

అన్నట్టు, ఆ స్టీలు డబ్బా ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. నేను అడగలేదు.